నర్సమ్మ సందు

దబ్బనం మొన గుడ్డలోంచి ఇవతలికి రాగానే బాలనర్సమ్మ దాన్ని పళ్లతో పట్టి లాగింది. కుడిచేతి బొటనవేలికి పట్టు పోయి రెండేళ్లయింది మరి. ఆ సంగతి సేటుకు తెలియదు, జగదీశ్‌కు తెలియదు. తెలిస్తే ఏమంటారు, ఇక నువ్వు కూర్చో, కనాతులు మిషను మీద కుట్టిద్దాం అంటారు. మిషనుదేముంది, తొక్కినంతసేపూ పోతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో దానికేం తెలుసు?

చేవెళ్లలో సేటు టెంట్‌హౌస్ గోదాము వెనక ఒక నాపరాతి బండ ఉంది. నలభై ఏళ్లుగా అది ఆమె కూర్చునే చోటు. బండకు ఒక పక్క నునుపుదేలి గుంట పడింది, వాన కురిస్తే అక్కడొక్కచోటే నీళ్లు నిలుస్తాయి. అప్పటికింకా ఆరున్నర కాలేదు. పూలమూటలేసుకున్న ఆటోలు పట్నం వైపు పోతున్నాయి. ఆమె ఒళ్లో ఎర్ర చార, పసుపు చార కలిసిన కనాతు పరుచుకుని ఉంది, సగం ఒళ్లో, సగం నేల మీద. పక్కన తేనెమైనం ముద్ద, ఎర్ర సుతిలి దారం ఉండ, తాగడం మరిచిపోతే మీగడ కట్టిన చాయ గ్లాసు.

మనిషి సన్నం. ఎడమ కంటికి పొర. ముంజేతి మీద పచ్చబొట్టు తేలు ఒకటి ఉండేది, చర్మం ముడుతలు పడ్డాక ఆ తేలు తోక ముడుచుకుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎడమ భుజం లాగుతోంది. నిన్న బరువు కనాతు ఒక్కతే దులిపింది, అందుకే అనుకుంది. మధ్యమధ్య ఊపిరి అందక ఆగి, ఎవరన్నా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, మళ్లీ దబ్బనం గుచ్చింది.

కనాతంటే తెలిసిందే కదా, పెళ్లి పందిరి చుట్టూ, వంటశాల ముందూ అడ్డంగా కట్టే గుడ్డ గోడ. గుడ్డకు గుడ్డ జోడించి అంచు కుడతారు. బాలనర్సమ్మ కుట్టిన ప్రతి కనాతులోనూ ఒకచోట కుట్టు ఉండదు. నేల దగ్గర నుంచి రొమ్ముల ఎత్తు దాకా రెండు మూరల పైనే వదిలేస్తుంది. గుడ్డ మీద గుడ్డ జానెడు ఎక్కి ఉంటుంది కాబట్టి ఎదురుగా నిలబడి చూసినా కనబడదు. తెలిసినవాళ్లు చేయి పెడితే తెరుచుకుంటుంది, వదిలేస్తే మూసుకుంటుంది. చేవెళ్ల నుంచి శంకర్‌పల్లి దాకా, ఇటు షాబాదు దాకా పందిళ్లు వేసే వాళ్లందరికీ అది తెలుసు. నర్సమ్మ సందు అంటారు దాన్ని. వంటవాళ్లు అన్నం బకెట్లు అందులోంచే అందిస్తారు. కుర్రకారు బీడీకి అందులోంచే జారుకుంటారు. ఒక ఊళ్లో ఒకసారి, కులం కాని వాణ్ని చేసుకుందని అన్నదమ్ములు గుమ్మం దగ్గర ఆపేసిన ఆడపిల్ల, ఆ సందులోంచి దూరి వెళ్లి చచ్చిపోయిన తల్లి మొహం చూసుకుంది. బయటికొచ్చి వంట గంజులు కడుగుతున్న బాలనర్సమ్మ కాళ్లు పట్టుకుంది. ఆ పిల్లకు ఎవరు చెప్పారో ఏమో.

సేటు వెంకటేశం చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తెల్ల లుంగీ, జేబులో రెండు పెన్నులు. ఊళ్లో అందరికీ సేటే గానీ, మూడేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు అతణ్ని చంకనేసుకుని తిప్పింది బాలనర్సమ్మే. అందుకని ఆమె ముందు కొంచెం మెత్తగా ఉంటాడు.

"నర్సక్కా, ఇయ్యాల మొయినాబాదుకు పొయ్యేది యాదికున్నదా?"

"ఉన్నది. నాలుగు కనాతులు, ముప్పై జంఖానాలు."

"గది కాదు. నడుమ కట్టే కనాతుకు సందు ఉండొద్దు. సర్కారు కాగితంల రాసిన్రు సూడు." పైకి చదివాడు. "'స్త్రీల విభాగమునకు, పురుషుల విభాగమునకు మధ్య ఎట్టి ఖాళీ లేకుండా పూర్తి అడ్డు ఏర్పాటు చేయవలెను.' ఎట్టి ఖాళీ లేకుండా అంట. పోయిన మీటింగుకు పందిరి ఏసినప్పుడు ఒక సారు నీ సందుల చెయ్యి పెట్టిండు. గిదేంది సేటూ, దొంగలకు తొవ్వనా అన్నడు. నా మొఖం గింత అయింది."

"అసలు ఎవలొస్తున్నరు గాడికి?"

"ఎవలొస్తలేరు. రేపెన్నడన్న సరిహద్దు అవతల కరువో కాటకమో, లొల్లో వచ్చి జనం ఒక్కపారి బీజాపూర్ రోడ్డు పట్టుకొని ఒచ్చి పడ్డరనుకో. వాళ్లను ఏడ ఉంచాలె, ఏం పెట్టాలె, ఎట్ల రాసుకోవాలె, అదంత ముందుగాల్నే చేసి చూస్తరు. కరోనాల ఎట్ల నడిచిపోయిన్రో చూస్తిమి కద. మల్ల అట్ల కావొద్దని. మాక్ డ్రిల్ అంటరు."

"మాకు డ్రిల్లా?" అంది బాలనర్సమ్మ. "మాకైతె మరి మాకు సందు గావాలె."

వెనక డీసీఎం బండిలో గుంజలు ఎత్తుతున్న జగదీశ్ పగలబడి నవ్వాడు. ముప్పై అయిదేళ్ల వాడు, ఆమె మొగుడు బిక్షం పోయాక గుంజలు పాతే పని అతనిదే. "మాకు కాదే నర్సమ్మా, మాక్. ఉత్తుత్త. తమాష."

"ఉత్తుత్తదైతె ఏంది? రేపు నిజంగ ఒచ్చినప్పుడు గదే కాగితం చూసి కడతరు కద. నడుమ సందు లేకుంటె పిల్లలెట్ల, యెంకటేశం? తల్లి ఓ దిక్కు, తండ్రి ఓ దిక్కు ఉంటరు."

సేటు అనడం మానేసి యెంకటేశం అందంటే అతనికి తెలుసు, అది వట్టి మాట కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకు తెల్వదా అక్కా నీ గోస? కాని సర్కారు లిస్టుల మన దుకాణం పేరు ఎక్కాలె. ఇయ్యాల ఒక్కపారి కుట్టెయ్యి. జర నా మాట ఇను."

బాలనర్సమ్మ చాలాసేపు సుతిలికి మైనం రుద్దింది. "కుడత తియ్," అంది.

కుట్టింది కూడా. కానీ ఆమె చేతిలో రెండు రకాల కుట్టు ఉంది. ఒకటి గట్టి కుట్టు, ప్రతి పోటుకూ వెనక్కి వచ్చి ముడి తిరిగేది, కోస్తే తప్ప రాదు. రెండోది పచ్చి కుట్టు. ముడి వేయరు, చివరి కొస వేలాడుతూ ఉంటుంది, ఒక్క లాగు లాగితే జరజరా ఊడి చేతిలోకి వస్తుంది. కింద నుంచి పైకి పచ్చి కుట్టు వేసి, కొసను ఎర్ర చారలోకి దోపింది. ఎర్ర దారం, ఎర్ర గుడ్డ. సేటు చేయి పెట్టి తడిమి చూసి, శభాష్ అన్నాడు.

డీసీఎం ముందు సీట్లో కిటికీ వైపు కూర్చుంది. చేవెళ్ల దాటేలోపు కుడి పక్కన పాత మార్కెట్ గోదాము వస్తుంది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణాలు, బిర్యానీ సెంటరు. గోదాము గోడ ముక్క ఒకటి వెనక ఇంకా నిలబడే ఉంది. ఆ ముక్క కనబడేదాకా ఆమె ఎవరేం మాట్లాడినా వినదు. కనబడి పోయాక తల ఇటు తిప్పుతుంది. జగదీశ్‌కు అలవాటే, అంతవరకూ అతను మాట ఎత్తడు.

అప్పుడు ఆమెకు ఆరేళ్లు. డెబ్బై రెండు కరువు. తాండూరు అవతల, సగం తెలుగూ సగం కన్నడం మాట్లాడే పల్లె వాళ్లది. తల్లి అంతకు ముందే పోయింది. నాయన మొగులప్ప ఒక మూట నెత్తిన, ఈ పిల్లను మూట మీద పెట్టుకుని రోడ్డు పట్టాడు. మూట మీద కూర్చుంటే ప్రపంచమంతా నాయన జుట్టు వాసన వేసేది. ఎన్ని రోజులు నడిచారో తెలియదు. చేవెళ్లలో ఆపేశారు. ఆడవాళ్లు గోదాములో, మగవాళ్లు పక్క రేకుల కింద. నడుమ ఈ చివర నుంచి ఆ చివరకు తడికలు. నాయన పిల్లను ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టి, తను తడికకు అవతల వీపు ఆనించి పడుకున్నాడు. తడికె కదిలితే నాయన కదిలినట్టు.

మూడో రోజు తెల్లవారుతుండగా లారీ మోత. ఏదో చెరువుకట్ట పనికని మగవాళ్లను ఎక్కిస్తున్నారు. తడికె అవతల నుంచి నాయన పిలిచాడు. "బారవ్వా! బా!" వాళ్ల వైపు ఆడపిల్లను అట్లాగే పిలుస్తారు, రా తల్లీ అని. ఆ పిలుపు ఎక్కడో దూరం నుంచి కాదు, ఈమె చెవి దగ్గర్నుంచే. తడికె లేకపోతే చేయి చాస్తే మీసాలు తగిలేవి. పిల్ల తడికను గోళ్లతో పీకింది. రాలేదు. తలుపు ఎటుందో తెలియదు. పడుకున్న ఆడవాళ్ల కాళ్ల మీద పడుతూ లేస్తూ గోదామంతా చుట్టి, వాకిలి దొరకబుచ్చుకుని, అవతలికి పరుగెత్తేసరికి రేకుల కింద ఎవ్వరూ లేరు. నాయన పడుకున్న చోట గడ్డి మాత్రం నలిగి ఉంది. ఆ గడ్డి మీద కూర్చుంది. అంతే, చేవెళ్ల విడిచి మళ్లీ ఎక్కడా ఉండలేదు.

గంజి పోయడానికి వచ్చిన ధనమ్మ, అంటే వెంకటేశం తల్లి, ఇంటికి తీసుకుపోయింది. అన్నం పెట్టింది, పని నేర్పింది, టెంట్‌హౌస్ తెరిచాక దబ్బనం చేతికిచ్చింది. మంచి మనిషే. కానీ ఒకసారి, ఏదో కోపంలో, "మీ బాపు కావాల్ననే ఇడిసిపోయిండేమోనే" అంది. పదేళ్ల పిల్ల అప్పుడు. ఏడవలేదు. "పిలిచిండు," అంది. "ఇడిసిపెట్టి పొయ్యేటోడు పిలువడు." ధనమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత గుంజలు పాతే బిక్షంతో పెళ్లయింది. పిల్లలు నిలవలేదు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని దొరికింది, పోదాం పా అని బిక్షం ఎంత బతిమాలినా కదల్లేదు. "మా బాపు ఒస్తె నన్ను ఏడ దేవులాడుకుంటడు?" అనేది. "నీకు యాభై ఏండ్లొచ్చె, ఇంక బాపేందే" అని బిక్షం నవ్వేవాడు, విసుక్కునేవాడు, చివరికి ఆమెతో పాటే ఉండిపోయాడు. అతను పోయి తొమ్మిదేళ్లు. గోదాము పక్క గదిలో ఒక్కతే. పండుగనాడు సేటు భార్య సుమిత్రమ్మ గిన్నె పంపుతుంది. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు మాట్లాడే రెండు మాటలే ఆ పండుగ.

మొయినాబాదులో ఫంక్షన్‌హాలు వెనక ఖాళీ జాగాలో పందిరి. పది గంటలకల్లా గుంజలు లేచాయి, కనాతు నడుమ పొడుగునా కట్టారు, జంఖానాలు పరిచారు. రిజిస్ట్రేషన్ అని ఒక బల్ల, వైద్యం అని ఒక బల్ల. నీళ్ల ట్యాంకరు. అంబులెన్సు ఒకటి నీడ చూసుకుని నిలబడింది. ఇదంతా చూసుకునే అధికారి అరుణశ్రీ అని ముప్పై ఏళ్ల అమ్మాయి, చుడీదారు మీద మెడలో కార్డు, చంకలో లావు ఫైలు. ఫైలు చూస్తూ జంఖానాల వెంట నడిచింది.

"ఒక్కోదాని మీద ఎంతమంది పడుకుంటారు?" అని అడిగింది ఎవరినో.

జంఖానా అంచు సర్దుతున్న బాలనర్సమ్మే అంది, "ఎవలు పండుతరమ్మా?"

"మనుషులు."

"మనుషులే. కాని పెండ్లోళ్లయితె పన్నెండు మంది పడతరు, ఒకని మీద ఒకడు కాలేసుకొని నవ్వుకుంట పంటరు. సావుకాడికి ఒచ్చినోళ్లు ఎనిమిది మందే. వాళ్లు దగ్గర దగ్గర పండరు, ఎవలి దుఃఖం వాళ్లది. వలసొచ్చినోళ్లయితె ఆరుగురు."

"అంత తక్కువా? ఎందుకు?"

"మూటలుంటయి కదమ్మా. మూట నడుమ పెట్టుకొని దాని మీద చెయ్యేసి పంటరు. మూటకు గూడ జాగ గావాలె."

అరుణశ్రీ ఫైలు తిరగేసింది. మనిషికి ఇన్ని అడుగులని ఉంది, మూట మాట ఎక్కడా లేదు. పెన్ను తీసి అంచున ఏదో రాసుకుంది. "మీ పేరేంటి?" అని అడగబోయేలోగా ఫోను మోగింది.

వలసవచ్చిన వాళ్లుగా నటించడానికి వంద మంది మగవాళ్లు, యాభై మంది ఆడవాళ్లు కావాలి. మగవాళ్లు సరిగ్గా వచ్చారు, చందనవెల్లి వైపు గోదాముల నుంచి బస్సులో తెచ్చారు, కాపలావాళ్లు, హమాలీలు. ఆడవాళ్లు నలభై మందే. తతిమ్మా వాళ్లు కూరగాయల కోతకు పోయారు. "మీ టెంటువాళ్లలో ఆడవాళ్లుంటే కూర్చోబెట్టండి," అంది అరుణశ్రీ. టెంటువాళ్లలో ఆడమనిషి ఒక్కతే ఉంది.

"పోవే నర్సమ్మా," అన్నాడు జగదీశ్. "కూసుంటె బువ్వ పెడతరు. ఈ వయసుల వేషం గట్టే రాత ఉన్నది నీకు."

"వేషమేందిరా? నేను ఒచ్చిందే అట్ల."

లేచి, ముందు ఒక పాత గుడ్డ పరిచింది. అందులో దబ్బనాల డబ్బీ, మైనం, సుతిలి, రెండో చీర పెట్టి ముడేసింది. మూట లేకుండా వలస ఎట్లా వస్తారు? మూట చంకన పెట్టుకుని వరసలో నిలబడింది. మెడలో అట్టముక్క వేశారు. నలభై ఒకటి.

బల్ల దగ్గర స్నిగ్ధ అనే కాలేజీ పిల్ల, చేతిలో ట్యాబు. "పేరు చెప్పు అవ్వా."

"బాలనర్సమ్మ."

"వయసు?"

"యాభై తొమ్మిదో అరవయ్యో."

"మీ వెంట ఎవరొచ్చారు?"

ఉత్త తమాషా అని తెలుసు. ఎవరూ లేరు అంటే అయిపోయేది. కానీ ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ రోజు గోదాములో కూడా అడగలేదు, తలలు లెక్కపెట్టుకుని పోయారు.

"మా బాపు," అంది. "గా దిక్కున్నడు."

"పేరు?"

"మొగులప్ప."

"ఆయన వయసు?"

బాలనర్సమ్మ ఆలోచించింది. మీసాలు నల్లగా ఉండేవి. నెత్తిన మూట, మూట మీద తను, అయినా వంగేవాడు కాదు. "ముప్పై," అంది.

స్నిగ్ధ నవ్వింది. "నీకు అరవై అయితే మీ బాపుకు ముప్పై ఎట్ల అవ్వా?"

"గప్పుడు గంతే ఉండె."

పిల్ల నవ్వు ఆగింది. ట్యాబులో నొక్కింది. "ఇది తీసుకుంటలేదు. ఎర్రగ చూపిస్తున్నది. ఎనభై మూడు వేయనా?"

"ఎయ్యి," అంది బాలనర్సమ్మ. మూట చంకన సర్దుకుని, "ముసలోడైండు పాపం," అంది.

ఆడవాళ్ల వైపు పోయి, నడుమ కనాతుకు వీపు ఆనించి, మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎర్ర చార ఎక్కడుందో చూసుకునే కూర్చుంది. భుజం నొప్పి ఇప్పుడు మోచేతి దాకా దిగింది. రొమ్ములో ఎవరో తాడు బిగిస్తున్నట్టుంది. పొద్దుటి చాయ తాగకపోతిని, కడుపుల గాలి చేరింది, అనుకుంది. కనాతు అవతల మగవాళ్లు నవ్వుకుంటున్నారు, దగ్గుతున్నారు. ఎవరో అటు వైపు నుంచి గుడ్డకు ఆనుకున్నారు. గుడ్డ కదిలింది.

కాగితంలో ఇంకో అంశం ఉంది, విడిపోయిన కుటుంబాలను కలపడం. జాబితాలోంచి రెండు పేర్లు తీశారు. మొదటిది ఎవరో మొగుడూ పెళ్లాల వేషం. మగవాణ్ని ముందు వాకిలి దాకా నడిపించి, అక్కడ సంతకం, అక్కడి నుంచి చుట్టూ తిప్పి ఆడవాళ్ల వాకిలికి, అక్కడ ఇంకో సంతకం. పదకొండు నిమిషాలు పట్టింది. రెండోది నలభై ఒకటి.

మహేశ్వర్ అనే అతని చేతిలో మైకు ఉంది. పెళ్లిళ్లలో కానుకలు చదివే గొంతు. "మొగులప్ప గారూ, మొగులప్ప గారూ! మీ బిడ్డ బాలనర్సమ్మ మీ కోసం ఎదురుచూస్తున్నది. మొగులప్ప గారు ఎక్కడున్నా వెంటనే రాగలరు."

యాభై మూడేళ్లకు ఆ పేరు ఒకరి నోటి నుంచి బయటికి వచ్చింది. మైకులో వచ్చింది, రోడ్డు దాటి అవతలి దుకాణాల దాకా వినబడింది. బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మొగులప్ప ఎవడ్రా?" "నువ్వేనారా?" "నా పేరు కాదు పో." అవతల ఒకటే గోల. మహేశ్వర్ రెండోసారి పిలిచాడు. ఎవరూ లేవలేదు. మూడోసారి పిలిచాడు.

మగవాళ్లలో శరణప్ప అని ముసలివాడు ఒకడున్నాడు. సరిహద్దు అవతలి వాడు, చందనవెల్లిలో ఏదో గోదాముకు కాపలా ఉంటాడు. ఇదంతా ఒక ఆట అనీ, ఆటలో ఎవరో ఒకరు తండ్రి కావాలనీ, ఇంతమందిలో ముసలివాడు తనే అనీ అతనికి తోచింది. కూతురు ఎక్కడుందని అడిగితే, కనాతు వెనకే అని ఎవరో చూపించారు. అతను లేవలేదు, మోకాళ్ల నొప్పులు. గుడ్డ దగ్గరికి జరిగి, తన ఊళ్లో ఏ ఆడపిల్లనైనా పిలిచినట్టే పిలిచాడు.

"బారవ్వా! ఇల్లె అదీని. బా!"

ఇక్కడే ఉన్నాను, రా తల్లీ అని. చెవి పక్కనే.

బాలనర్సమ్మ ఎటూ చూడలేదు. వాకిలి ఎక్కడుందని వెతకలేదు. చేయి దానంతటదే ఎర్ర చారలోకి పోయి కొస పట్టుకుంది. ఒక్క లాగు. కుట్టు కింద నుంచి పై దాకా జరజరా ఊడి, దారమంతా ఒళ్లో పడింది. మూట ముందు తోసి, తల వంచి, సందులోంచి అవతలికి దూరింది.

ఎదురుగా తెల్ల గడ్డం, మసక కళ్లు, మెడలో అట్టముక్క వేలాడుతూ ఒక ముసలివాడు. ఆమె చూసింది. చూసి నవ్వింది.

"మా బాపుకు మీసాలుండె," అంది.

"గీకిసిన," అన్నాడు శరణప్ప తెలుగూ కన్నడం కలిపి. "ఉప్పు లెక్క తెల్లగైనయి, చూడనీకి మంచిగలేవని. ఎందుకు ఇంత తడువైంది తల్లీ?"

"తొవ్వ దొరకలే."

"ఇంకేమి, దొరికింది గద. కూసో."

కాగితం పట్టుకున్న సారొకాయన అక్కడి నుంచే కేకేశాడు. "ఏయ్, ఆడమనిషి అటెట్ల పోయింది? అది చింపింది ఎవరు?" సేటు మొహం పాలిపోయింది. అరుణశ్రీ వచ్చి, కనాతు ముందు నిలబడి, సందులో చేయి పెట్టింది. గుడ్డ మీద గుడ్డ. తెరిచింది. వదిలేసింది. మూసుకుంది. వాచీ చూసుకుంది. పదకొండు నిమిషాల పనికి అర నిమిషం కూడా పట్టలేదు.

"దీన్ని ఏమంటారు?" అని అడిగింది.

సేటు కంటే ముందు జగదీశ్ అన్నాడు, "నర్సమ్మ సందు మేడం. మా దిక్కు అందరు గట్లనే అంటరు."

అరుణశ్రీ ఫైలు తెరిచి, 'ఎట్టి ఖాళీ లేకుండా' అన్న వాక్యం మీద అడ్డగీత గీసింది. పక్కన రాసింది. ప్రతి ఇరవై అడుగులకు ఒక నర్సమ్మ సందు ఉండవలెను. రాసి, సరిగ్గానే రాశానా అన్నట్టు ఇంకోసారి చదువుకుంది.

భోజనాల గంట కొట్టారు. శరణప్ప ఆకు తెచ్చుకుని పప్పన్నం కలిపి ఒక ముద్ద ఇటు చాచాడు. బాలనర్సమ్మ తల అడ్డంగా ఊపింది. "తర్వాత తింట. జర నడుం వాలుస్త." మూట నెత్తి కింద పెట్టుకోలేదు. ఇద్దరి నడుమ పెట్టుకుని, దాని మీద చేయి వేసి, అతని వైపు తిరిగి పడుకుంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. శరణప్ప తన తువ్వాల తీసి ఆమె కాళ్ల మీద కప్పాడు. ఈగలు వాలుతుంటే కొంచెంసేపు చేత్తో విసిరాడు. నిద్ర పట్టినట్టుందని, ఆకు మడిచి మెల్లగా లేచాడు.

మూడింటికి విజిలు వేశారు. మగవాళ్లు అట్టముక్కలు తీసి డబ్బాలో పడేసి బస్సు వైపు నడిచారు. జగదీశ్ నవ్వుకుంటూ జంఖానాల మధ్య నుంచి వచ్చాడు.

"నర్సమ్మా! ఓ నర్సమ్మా! నీ సందు కాగితం ఎక్కిందే. సర్కారు కాగితం! లే, దావత్ ఇయ్యాలె నువ్వు. మేడం నీ పేరు రాసింది. లే!"

ఆమె లేవలేదు. జగదీశ్ ఇంకో రెండుసార్లు పిలిచి, కూర్చుని, భుజం మీద చేయి వేశాడు. వేసిన చేయి చాలాసేపు తీయలేదు.

నీడలో ఊరికే నిలబడిన అంబులెన్సుకు ఆ రోజు నిజంగా పని పడింది. దాంట్లో మనిషి కాగితం తీసి, ఆమె తాలూకు వాళ్లెవరని అడిగాడు. సేటు ఫంక్షన్‌హాలు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. స్నిగ్ధ ట్యాబు చూసి, తెర అతని వైపు తిప్పింది. తండ్రి, మొగులప్ప, ఎనభై మూడు, పురుషుల విభాగం. బస్సు మెట్టు మీద నుంచి దిగి వచ్చిన శరణప్పను చూసి, ఈయనేనా అని అడిగాడు అంబులెన్సు మనిషి.

"నాను ఏం కాను సారూ," అన్నాడు శరణప్ప. "పిలిస్తె పలికినోణ్ని."

అని, తువ్వాల వెనక్కి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం గుంజలు పీకారు, జంఖానాలు చుట్టారు, మూటను సేటు తన ఒళ్లో పెట్టుకుని డీసీఎం ముందు సీట్లో కిటికీ వైపు కూర్చున్నాడు. నడుమ కనాతు ఒక్కదాన్ని విప్పడానికి జగదీశ్‌కు చేతులు రాలేదు, రేపు వచ్చి తీసుకుపోదామన్నాడు. ఖాళీ జాగాలో అదొక్కటే నిలబడి ఉంది. బీజాపూర్ రోడ్డు మీద బస్సు పోయినప్పుడల్లా ఆ గాలికి సందు కొంచెం తెరుచుకుని, ఆగి, మళ్లీ మూసుకుంటోంది.